డూ: అర్థం వదులుకుని పెత్తనం దక్కించుకున్న క్రియ

"డూ యూ నో హిమ్?" అన్న ప్రశ్నను తెలుగులోకి తెస్తే "అతను నీకు తెలుసా?" అవుతుంది. హిమ్‌కి 'అతను', యూకి 'నీకు', నోకి 'తెలుసు' సరిపోయాయి. మరి డూ ఎక్కడికి పోయింది? డూ అంటే చేయడం అని చిన్న తరగతుల్లోనే నేర్పుతారు. ఈ వాక్యంలో ఎవరూ ఏమీ చేయడం లేదు. తెలిసి ఉండటం అసలు చేసే పనే కాదు. "హి డజ్ నథింగ్" అంటే అతను ఏ పనీ చేయడు అని. "హి డజ్ నాట్ స్లీప్" అంటే అతను నిద్రపోడు అని. రెండో వాక్యంలోని డజ్‌కి అర్థం చెప్పమంటే మంచి టీచర్ కూడా ఒక్క క్షణం ఆగుతారు.

ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువగా వాడే క్రియల్లో డూ ఒకటి. అందరికీ తెలిసిన అర్థం దానికి ఉన్న ఉద్యోగాల్లో ఒకటి మాత్రమే. మిగతా ఉద్యోగాల్లో అది అర్థాన్ని పక్కన పెట్టి వ్యాకరణం బరువు మోస్తుంది. పొరుగున ఉన్న ప్రధాన భాషలేవీ ప్రతి ప్రశ్నకూ, ప్రతి 'లేదు'కూ ఇలాంటి క్రియను అడ్డం పెట్టవు. జర్మన్‌లో "తెలుసా నీకు అతను" అన్నట్టు క్రియను ముందుకు జరిపితే ప్రశ్న అయిపోతుంది. ఇంగ్లిష్ కూడా ఒకప్పుడు ఆ దారిలోనే నడిచింది. డూ మధ్యలో వచ్చి కూర్చుంది.

డూ పాత రూపం 'డోన్'. జర్మన్‌లో 'టున్', డచ్‌లో 'దూన్' దీనికి తోబుట్టువులు. ఇంకా వెనక్కి వెళ్తే, సంస్కృతం, గ్రీకు, లాటిన్, ఇంగ్లిష్‌లన్నిటికీ తల్లి అయిన ఇండో యూరోపియన్ మూలభాషలో 'ధే' అనే ధాతువు తగులుతుంది. దాని అర్థం చేయడం కాదు, పెట్టడం, ఉంచడం. ఆ పాత అర్థం ఇంగ్లిష్‌లో పూర్తిగా చచ్చిపోలేదు. బట్టలు వేసుకోవడాన్ని 'డాన్' అనీ, టోపీ తీయడాన్ని 'డాఫ్' అనీ అంటారు. డాన్ అంటే డూ ఆన్, డాఫ్ అంటే డూ ఆఫ్. ఒంటి మీద పెట్టుకోవడం, ఒంటి మీంచి తీసి పక్కన పెట్టడం. సంస్కృతంలో ఇదే ధాతువు 'ధా'. దానికి 'పరి' చేర్చితే పరిధానం, అంటే కట్టుకునే వస్త్రం. వేల మైళ్ల దూరంలో రెండు భాషలు ఒకే ధాతువుతో బట్టలు కట్టుకున్నాయన్నమాట.

ఈ 'ధా' తెలుగువాళ్లకు బాగా దగ్గరిది. విధి, విధానం, నిధి, సన్నిధి, సంధి, పరిధి, ఉపాధి, వ్యవధి, సమాధి, సమాధానం, శ్రద్ధ, విధాత... ఇవన్నీ ఆ ధాతువు పిల్లలే. నిధి అంటే లోపల పెట్టి ఉంచినది, సంధి అంటే కలిపి పెట్టడం, పురోహితుడు అంటే ముందు ఉంచబడినవాడు. ఋగ్వేదం మొదటి మంత్రం "అగ్నిమీళే పురోహితం" అని మొదలై "రత్నధాతమమ్" అని ముగుస్తుంది. ఆ చివరి మాట నడుమ ధాతువు తెలిసిపోతూనే ఉంది, పురోహితంలో 'హిత'గా మారి దాక్కుంది. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, క్రియ మూలరూపానికి సంస్కృత వ్యాకరణం పెట్టిన 'ధాతువు' అన్న పేరు కూడా ఈ ధాతువు నుంచే వచ్చింది.

లాటిన్‌కి వెళ్లేసరికి మొదటి 'ధ' శబ్దం 'ఫ' అయింది. గ్రీకులో 'థ' అయింది. ఇంగ్లిష్ పుట్టిన జర్మనిక్ శాఖలో 'డ' అయింది. ఈ మార్పులు ఒక క్రమం ప్రకారం జరిగాయి కాబట్టే చుట్టరికం పట్టుకోగలిగారు. లాటిన్ శాఖ నుంచి ఫ్యాక్ట్, ఫ్యాక్టరీ, ఎఫెక్ట్, పర్ఫెక్ట్, ఆఫీస్ వచ్చాయి. గ్రీకు శాఖ నుంచి థీమ్, థీసిస్ వచ్చాయి. అంటే "ఆఫీసులో విధులు" అని రాసే ప్రతిసారీ ఒకే ధాతువును రెండు దారుల్లో తెచ్చి పక్కపక్కన కూర్చోబెడుతున్నాం.

ఇంగ్లిష్ ఇంట్లోనే పుట్టిన బిడ్డల్లో 'డీడ్' ఒకటి. చేసిన పని అన్న అర్థంతో మొదలై, సంతకం పెట్టి పూర్తిచేసిన పత్రం దాకా వచ్చింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కిన ఎవరికైనా సేల్ డీడ్, గిఫ్ట్ డీడ్ కొత్త మాటలు కావు. 'డూమ్' ఇంకొకటి. ఇప్పుడు సర్వనాశనం అనిపించే ఆ మాటకు మొదటి అర్థం చట్టం, తీర్పు. పెట్టిన నియమం అన్నమాట, మన 'విధి' లాంటిదే. మనకూ విధి అంటే నియమమే, తలరాత కూడా. ఇంగ్లండ్ రాజు విలియం భూముల లెక్కలు తీయించిన 1086 నాటి పుస్తకానికి జనం 'డూమ్స్‌డే బుక్' అని పేరు పెట్టింది, అందులో రాసిందానికి ఇక అప్పీలు లేదనే. కింగ్‌డమ్, ఫ్రీడమ్, విజ్డమ్‌ల చివర ఉన్న 'డమ్' కూడా ఈ డూమే.

ఇంతకంటే లోతైన చోట కూడా డూ దాక్కుని ఉంది. ఇంగ్లిష్ భూతకాలం చివర చేరే 'ఈడీ' ప్రత్యయం, అంటే వర్క్‌డ్, లవ్డ్‌లలో వినిపించే ఆ ట, డ శబ్దం, డూ క్రియ భూతకాల రూపమే అరిగిపోయి మిగిలిన తోక అని భాషావేత్తల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఇంగ్లిష్‌కు చుట్టమైన పాత గోథిక్ భాషలో 'మేము'కు వచ్చే భూతకాల రూపాల చివర 'దేదుమ్' అని ఆ తోక ఇంకా పొడవుగా కనిపిస్తుంది. డిడ్‌లో రెండు 'డ'లు ఉండటం కూడా ఊరికే కాదు. సంస్కృతంలో 'ధా' నుంచి 'దధౌ' వచ్చినట్టు, ధాతువు మొదటి అక్షరాన్ని రెట్టించి భూతకాలం చేసే పాత పద్ధతి అది. మన వ్యాకరణంలో దాన్ని అభ్యాసం అంటారు. ఈ లెక్కన "ఐ డిడ్ నాట్ వర్క్‌డ్" అని తప్పు మాట్లాడేవాళ్లు ఒకే వాక్యంలో డిడ్‌ను రెండుసార్లు వాడుతున్నారు.

చార్మినార్ ఎవరు కట్టారు?

డూ ప్రశ్నల్లోకి, 'నాట్' పక్కకి ఎలా వచ్చిందన్నది ఇంగ్లిష్ చరిత్రలో బాగా నలిగిన చర్చ. 13వ శతాబ్దంలో ఇంగ్లండ్ నైరుతి ప్రాంతపు రాతల్లో ఇంకో క్రియకు ముందు అర్థం లేని డూ కనిపించడం మొదలైంది. స్వీడన్ పండితుడు అల్వార్ ఎలెగార్డ్ 1953లో దీని మీద పెద్ద పుస్తకం రాశాడు. పాత రాతలు కుప్పలు తెప్పలుగా తీసి, వాటిలోని డూలను లెక్కపెట్టాడు. ఆయన వాదన తెలుగువాళ్లకు వెంటనే ఎక్కుతుంది.

చార్మినార్ ఎవరు కట్టారు అంటే మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టాడంటాం. కట్టించాడని కూడా అంటాం. ఆయన రాయి మోయలేదని అందరికీ తెలుసు కాబట్టి కట్టాడన్నా, కట్టించాడన్నా మనసుకు అందే విషయం ఒకటే. మధ్యయుగపు ఇంగ్లిష్‌లో 'ఇంచు' పని డూ చేసేది. "రాజు కోట డిడ్ మేక్" అన్నట్టు చెబితే కట్టించాడని అర్థం. కట్టించాడన్నా కట్టాడన్నా తేడా లేని ఇలాంటి వాక్యాలు పెరిగేకొద్దీ డూలోంచి ఆ 'ఇంచు' అర్థం కారిపోయింది. ఖాళీ డూ మిగిలింది. ఖాళీ అయింది కాబట్టే ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

ఇంకో వాదం ఉంది. వేల్స్‌లో మాట్లాడే వెల్ష్ భాషలోనూ, నైరుతి కొసన ఉన్న కోర్నిష్‌లోనూ 'చేయు' అనే అర్థం ఉన్న క్రియను ఇలా సహాయక్రియగా వాడతారు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు రాకముందు ఆ దీవిలో ఉన్నది ఈ కెల్టిక్ భాషల వాళ్లే కదా, డూ అలవాటు వాళ్ల నుంచే అంటుకుందని అమెరికన్ భాషావేత్త జాన్ మెక్‌వోర్టర్ లాంటివారు గట్టిగా చెబుతారు. డూ మొదట నైరుతిలో కనిపించడం ఈ వాదానికి బలం. బలహీనత కాలం దగ్గర ఉంది. ఇంగ్లిష్ వాళ్లు వచ్చింది 5, 6 శతాబ్దాల్లో, డూ రాతకెక్కింది 13వ శతాబ్దంలో. సామాన్యుల నోటి మాట పండితుల రాతలోకి ఎక్కడానికి అంత కాలం పట్టిందని వాళ్ల సమాధానం. గ్రాంథికానికీ వ్యావహారికానికీ మధ్య పోట్లాట చూసిన తెలుగువాళ్లకు ఆ సమాధానం మరీ అసంభవంగా తోచదు. అయినా ఏడెనిమిది వందల ఏళ్ల మౌనం కొంచెం ఎక్కువే. నైరుతి జనం చెవికి పొరుగు భాష వల్ల అలవాటైన వాడుక, ఇంగ్లిష్ లోపలే జరిగిన అర్థం అరుగుదల, రెండూ ఒకదానికొకటి తోడయ్యాయనుకోవడమే సబబుగా ఉంది.

చార్మినార్ లేచింది 1591లో. అక్కడ ఇంగ్లండ్‌లో డూ వైభవం వెలుగుతున్న కాలం కూడా అదే. అప్పట్లో ప్రశ్న కాకపోయినా, 'నాట్' లేకపోయినా, మామూలు వాక్యాల్లో కూడా డూ పెట్టేవాళ్లు, ఒత్తి పలికే ఉద్దేశం లేకుండానే. 1606 ప్రాంతపు షేక్స్‌పియర్ నాటకం మాక్‌బెత్‌లో రెండే రెండు మాటల సంభాషణ చూస్తే ఆ కాలపు గందరగోళం అంతా కనిపిస్తుంది. "గోజ్ ద కింగ్ హెన్స్ టుడే?" అని లెనాక్స్ అడుగుతాడు. రాజుగారు ఇవాళ బయల్దేరుతున్నారా అని. "హి డజ్, హి డిడ్ అపాయింట్ సో" అంటాడు మాక్‌బెత్. (రాజును రాత్రే చంపేసిన పెద్దమనిషి చెబుతున్న జవాబు ఇది.) ప్రశ్నలో డూ లేదు, క్రియే ముందుకొచ్చింది. జవాబులో 'గోజ్' అనడానికి బదులు డజ్ వచ్చింది. తర్వాతి ముక్కలో అక్కర్లేని చోట డిడ్ వచ్చింది. ఇప్పటి ఇంగ్లిష్ ఈ మూడింటిలో మధ్యదాన్నే యథాతథంగా ఉంచుకుంది. ప్రశ్నలో లేని డూను తెచ్చిపెట్టింది, చివరి వాక్యంలో ఉన్నదాన్ని తీసేసింది.

1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో "జడ్జ్ నాట్" అని ఉంటుంది, ఇప్పుడైతే "డు నాట్ జడ్జ్". అదే బైబిల్ ఆదికాండంలో ఆదాము పండు తిన్న చోట "హి డిడ్ ఈట్" అని ఉంటుంది, ఇప్పుడైతే "హి ఏట్" చాలు. 1700 దాటేసరికి వాడుక దాదాపు నేటి రూపానికి వచ్చేసింది. "ఐ నో నాట్" లాంటి కొన్ని మొండి ముక్కలు మాత్రం ఇంకొంత కాలం నిలబడ్డాయి. పాత తీరుకు ఉన్న గాంభీర్యం ఇప్పటికీ పోలేదు. 1961 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన కెనెడీ "ఆస్క్ నాట్" అన్నాడు, "డోంట్ ఆస్క్" అనలేదు. అలా అని ఉంటే ఆ వాక్యం ఇంతకాలం ఎవరికీ గుర్తుండేది కాదేమో.

డూ ఎందుకు గెలిచిందన్నదానికి చెప్పే కారణాల్లో మాటల వరుస ముఖ్యమైనది. తెలుగులో "రాముడు రావణుణ్ణి చంపాడు" అన్నా, "రావణుణ్ణి రాముడు చంపాడు" అన్నా చచ్చింది రావణుడే. విభక్తి ప్రత్యయం కాపలా కాస్తుంది. ఇంగ్లిష్ నామవాచకాలు అలాంటి ప్రత్యయాలు పోగొట్టుకున్నాయి కాబట్టి కర్త ముందు, కర్మ వెనక ఉండాల్సిందే. ప్రశ్న కోసం క్రియను ముందుకు లాగితే కర్తా కర్మా రెండూ పక్కపక్కన పడి ఎవరు ఎవరో తెలియని పరిస్థితి వస్తుంది. డూను ముందు నిలబెడితే మిగతా వరుస చెదరదు.

రాలేదు, వెళ్లాడో

తెలుగువాళ్లు డూ దగ్గర చేసే పొరపాట్లు బాగా తెలిసినవే. "డిడ్ యూ వెంట్", "హి డిడ్ నాట్ కేమ్", "వై యూ కేమ్", "ఐ డోంట్ నో వేర్ డిడ్ హి గో". వీటిని సరిచేయడానికి స్కూళ్లలో సూత్రాలు బట్టీ పట్టిస్తారు. ఆ సూత్రాలు తెలుగులోనే ఉన్నాయని ఎవరూ చెప్పరు.

'వచ్చాడు'కు వ్యతిరేకం ఏమిటి? 'రాలేదు'. 'వచ్చాలేదు' అని రెండేళ్ల పిల్లాడు కూడా అనడు. 'లేదు' వచ్చి చేరగానే 'వచ్చాడు'లో ఉన్న కాలం గుర్తు, ఆ మనిషి గుర్తు అన్నీ రాలిపోయి 'రా' మిగిలింది. తిన్నాడు, తినలేదు. వెళ్లాడు, వెళ్లలేదు. డిడ్ నాట్ చేసేది సరిగ్గా ఇదే. కాలం సంగతి తను చూసుకుంటుంది కాబట్టి పక్కనున్న క్రియ బోసిగా ఉండాలి. డిడ్ నాట్ కమ్, రా-లేదు. 'వచ్చాలేదు' ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో "డిడ్ నాట్ కేమ్" ఇంగ్లిష్ చెవికి అంత ఎబ్బెట్టు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఈ ఒక్క పోలిక చూపిస్తే గ్రామర్ టెన్షన్ సగం తగ్గుతుంది.

రెండోది, "వేర్ డిడ్ హి గో" సంగతి. "ఎక్కడికి వెళ్లాడు?" అనేది ప్రశ్న. "ఎక్కడికి వెళ్లాడో నాకు తెలియదు" అనేది ప్రశ్న కాదు, ప్రశ్నను కడుపులో పెట్టుకున్న వాక్యం. ఆ తేడాను తెలుగు 'ఓ' అనే ఒక్క అచ్చుతో చూపిస్తుంది. ఏం చేస్తాడో, ఎప్పుడొస్తాడో, ఎందుకన్నాడో. ఎక్కడ తెలుగులో ఈ 'ఓ' వస్తుందో అక్కడ ఇంగ్లిష్‌లో డూ తప్పుకుంటుంది. "ఐ డోంట్ నో వేర్ హి వెంట్." ముందున్న డోంట్ 'తెలియదు'కు సంబంధించింది, దాన్ని కదపకూడదు.

"హూ టోల్డ్ యూ?"లో డిడ్ లేకపోవడం కూడా పిల్లల్ని తికమక పెడుతుంది. ఎవరు చెప్పారు అన్నప్పుడు ఆ 'ఎవరు' అన్నదే కర్త. ఉండాల్సిన చోట అదే ఉంది. చెదిరే వరుస లేదు కాబట్టి డూ అక్కర్లేదు.

ఒత్తి చెప్పే డూ మాత్రం వేరే రుచి. "ఐ డిడ్ టెల్ హిమ్" అనేదాన్ని "నేను అతనికి చెప్పాను" అని తెలుగు చేస్తే చప్పబడిపోతుంది. "చెప్పనైతే చెప్పాను" అన్నప్పుడే ఆ గొంతు వినిపిస్తుంది. చెప్పడం వరకు నా వంతు అయింది, వినకపోతే నేనేం చేయను అన్న ధ్వని రెండింట్లోనూ ఉంది. తెలుగు అదే క్రియను రెండుసార్లు పలికి సాధించేదాన్ని ఇంగ్లిష్ డిడ్‌తో సాధిస్తుంది.

అసలు అర్థంలో డూ వాడేటప్పుడు వచ్చే చిక్కు 'మేక్'తో. మనకు 'చేయు' ఒక్కటే. హోంవర్క్ చేశా, తప్పు చేశా, అల్లరి చేశా, సాయం చేశా. అందుకే "ఐ డిడ్ ఎ మిస్టేక్" అని నోట్లోంచి వచ్చేస్తుంది. పని జరిగితే డూ, పని వల్ల ఏదైనా పుడితే మేక్ అని ఒక మోటు లెక్క ఉంది. హోంవర్క్ డూ, టీ మేక్, చప్పుడు మేక్, తప్పు మేక్. ఈ లెక్క సగం దూరమే వస్తుంది. హాని, మేలు రెండూ డూతోనే, ప్రయత్నం మాత్రం మేక్‌తో. ఇక్కడ తర్కం వెతకడం దండగ, జంటలుగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

మన ఆఫీసు ఉత్తరాల చివర కనిపించే "డూ ద నీడ్‌ఫుల్" గురించి నవ్వేవాళ్లు చాలామంది. అది మనవాళ్లు పుట్టించిన తప్పు కాదు. ఒకప్పుడు బ్రిటన్‌లో మామూలుగా వాడిన మాటే. వాళ్లు మర్చిపోయారు, మన గుమాస్తాలు దాచి ఉంచారు.

డూకీ 'చేయు'కీ చుట్టరికం లేదు. చేయు పక్కా ద్రావిడం, తమిళంలో 'సెయ్', కన్నడంలో 'గెయ్' దాని అక్కచెల్లెళ్లు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో చుట్టరికం ఉందని ఆంగ్లేయ పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రకటిస్తే, తెలుగు ఆ కుటుంబం కాదని 1816లో మద్రాసులో ఆంగ్లేయ అధికారి ఎల్లిస్ చూపించాడు, అదీ క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటకు జతచేసిన వ్యాసంలో. అయినా చేయు కూడా డూ లాగే అర్థం ఖాళీ చేసుకుని వేరే ఉద్యోగంలో చేరింది. ఆ ఉద్యోగం పేరు దిగుమతి.

సంస్కృతం నుంచి ప్రయాణం చేయు, నమస్కారం చేయు. నవాబుల కాలపు కచేరీల నుంచి రద్దు చేయు, జప్తు చేయు, దాఖలు చేయు, జమ చేయు, మాఫీ చేయు. ఇప్పుడు ఫోన్ చేయు, ఫార్వర్డ్ చేయు, డిలీట్ చేయు. బయటి భాష క్రియను నేరుగా తెచ్చి తెలుగు ప్రత్యయాలు తగిలించడం మనకు నచ్చదు. 'డిలీటాడు' అని ఎవరైనా అంటే అది జోకే. క్రియను పేరులా నిలబెట్టి, పక్కన చేయును పెడితే మిగతా యంత్రాంగమంతా ఉచితంగా వస్తుంది. డిలీట్ చేశాడు, చేయలేదు, చేయించాడు, చేసుకున్నాడు, చేసేశాడు. ఇంగ్లిష్‌కి ఈ అవసరం లేదు. అది గూగుల్ అనే పేరునే క్రియ చేసి "ఐ గూగుల్డ్" అనేస్తుంది.

మన పద్ధతికి ఒక అదనపు సౌకర్యం ఉంది, చేయు పక్కన 'అవు' కూడా నిలబడటం. "ఫొటోలు డిలీట్ చేశాను" అంటే నేరం ఒప్పుకోవడం. "ఫొటోలు డిలీట్ అయ్యాయి" అంటే ఎవరూ ఏమీ చేయలేదు, వాటంతట అవే. ఇంగ్లిష్‌లో ట్రైన్ ఎవరికి తప్పిపోయినా "ఐ మిస్డ్ ద ట్రైన్" ఒక్కటే. తెలుగులో "ట్రైన్ మిస్ అయ్యాను" అనేవాడు ట్రాఫిక్‌ను తిడుతూ ఉంటాడు. "ట్రైన్ మిస్ చేసుకున్నాడు" అని వాళ్లావిడ అందంటే, ఆయన ఇంకో పావుగంట ముందు లేచి ఉండాల్సిందని ఆవిడ లెక్క.